చెయ్యి మారకూడదు

కళ్ళు తెరవొద్దంది సిస్టరు. చుక్కలు వేసి, నా తల గోడకి ఆనించి, మామ్మగారూ మళ్ళీ నేనొచ్చి చెప్పేదాకా మూసుకునే ఉండండి, మధ్యలో తెరిచారంటే మళ్ళీ మొదటికొస్తుంది అని చెప్పి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది. మామ్మగారంట. నాకు మనవలెక్కడున్నారమ్మా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను, పొద్దున్నే ఆస్పత్రిలో కూర్చుని అలాంటి మాట అనుకోకూడదు, అందులోనూ ఇంట్లో నెలలు నిండుతున్న కూతుర్ని పెట్టుకుని అసలు అనకూడదు, ఆ పిల్లకేం తెలుసు, నెరిసిన జుట్టు చూసి పిలిచింది, పిలవనీ, ఆ పిలుపే నిజం చెయ్యి ప్రభువా. మంటగా ఉంది. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో నులుముకున్నంత మంట, నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది రూబీ. ఎక్కడికెళ్ళినా నా పక్కనే ఉంటుంది ఇది. బోర్డింగ్ స్కూల్లో నా పక్క చాప దీనిదే, తర్వాత ఇది ట్రైనింగు చేసి టీచరయ్యింది, నేను పెళ్ళి చేసుకుని నాట్లకీ కోతలకీ వెళ్ళాను, అయినా ఒకే ఊళ్ళో పడ్డాం, ఒకే చర్చికి పోతున్నాం, ఇప్పుడు రిటైరయ్యి వేరే పనేం లేక నా కొంగు సర్దడమే ఉద్యోగంగా పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండుతుంది. మండితే మాత్రం, ఇది లేకపోతే నిడదవోలులో రైలెక్కి, రాజమండ్రిలో దిగి, ఈ మెట్లన్నీ ఎక్కి ఈ కుర్చీ దాకా రాగలనా నేను.

శుక్లమే. ఈ వయసులో శుక్లం కాక ఇంకేమవుతుంది. మా అమ్మకీ వచ్చింది, ముదరాలి, ముదిరాకే తియ్యాలి, పచ్చిగా ఉండగా తీస్తే నిలవదు అనేవాళ్ళు, అందుకే నేనూ ముదరనిచ్చాను. మసకలు కమ్మినా, పక్కనుంచి మనిషొస్తే కనపడక ఉలిక్కిపడినా, గుమ్మానికి భుజం కొట్టుకున్నా, కంచంలో అన్నమే కనపడి పక్కనున్న కూర కనపడక, కూర వెయ్యలేదేంటే అని మా ఆశాజ్యోతిని కసిరినా, ముదురుతోందిలే, మంచిదేలే అనుకున్నాను. చర్చిలో పాస్టరు గారి మొహం కనపడేది, ఆ మొహానికి చుట్టూ ఉండాల్సిన బల్లా పూలూ కొవ్వొత్తులూ ఏవీ ఉండేవి కావు, ఆయన ఒక్కరే గాల్లో నిలబడి మాట్లాడుతున్నట్టుండేది. ఇవాళ వంతెన మీద రూబీ, గోదారి చూడవే, ఎర్రనీళ్ళొచ్చేశాయి, ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తేశారంట అంటుంటే నేను ఎదురుగా కూర్చున్నాయన చొక్కా బొత్తాలు చూస్తున్నాను, తల మొత్తం తిప్పితే గానీ అంత గోదారీ కనపడలేదు నాకు. పోనిద్దూ. డాక్టరు చూస్తాడు, ఫలానా రోజు రమ్మంటాడు, పొర తీసేసి అద్దం పెడతాడు. కానీ ఇప్పుడే కాదు బాబూ, ముందు నా కూతురి పురుడవ్వాలి, దానికంటే ముందు బొంత అవ్వాలి, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు కొయ్యి. ఆ ఒక్క మాట అడగడానికే వచ్చాను. బొంత పూర్తయ్యేదాకా ఈ చూపు ఆగుతుందా ఆగదా, అంతే నాకు కావాల్సింది.

బొంతలు నాకు కొత్తా. మా ఊళ్ళో నా బొంత లేని ఇల్లుందేమో చూపించమనండి. పెళ్ళికి బొంత, పురుడికి బొంత, కొత్తింట్లో పాలు పొంగిస్తే బొంత, స్టీలు గిన్నె పట్టుకెళ్ళే తాహతు లేక మొదలుపెట్టాను గానీ తర్వాత తర్వాత వాళ్ళే గిన్నెలెందుకు సంపూర్ణమ్మా, నీ చేతి బొంత ఇవ్వు చాలు అనేవాళ్ళు. చచ్చిపోయిన తల్లి చీరలు తెచ్చి నా ఒళ్ళో పోసి ఏడ్చేవాళ్ళు, అవన్నీ పొరలు పొరలుగా పరిచి కుట్టిస్తే కప్పుకుని పడుకునేవాళ్ళు. మా ఆశాజ్యోతి మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు నా చీరలే పరిచాను, పెళ్ళినాటి చిలకపచ్చది పైకొచ్చేలా పెట్టి, ఎంత పెద్దది కుట్టాననీ, బడికెళ్ళే వయసొచ్చినా కాళ్ళు బయటికి రాకూడదని. రూబీ చూసి ఇది పుట్టేవాళ్ళకా, పెళ్ళయ్యేవాళ్ళకా అని నవ్వింది. ఆ పిల్ల పుట్టిన పూటే పోయింది. ఆడపిల్ల. కాలవ అవతల సమాధుల దొడ్లో అల్లుడు ఆరోన్ చేతుల్లో పెట్టుకుని నిలబడిపోతే నేనే ఆ బొంత విప్పి చుట్టాను, ఎన్ని చుట్లు చుట్టినా ఇంకా గుడ్డ మిగులుతూనే ఉంది, మడత మీద మడత పెట్టాను, ఇంకా మిగిలింది, అలాగే లోపల పెట్టేశారు. రెండోది నెలలు రాకుండానే జారిపోయింది. దానికి బొంత మొదలే పెట్టలేదు నేను.

ఇప్పుడు మూడోది. ఈసారి నీ చీరలొద్దమ్మా సంపూర్ణం అన్నారు శ్యామలాంబ గారు. వాళ్ళ చేలో నాట్లేసే నడుం వంగింది నాది, ఆవిడ అరుగు దిగొచ్చి మరీ చెప్పారు. పిల్లలు దక్కని ఇంటికి, దక్కిన ఇళ్ళవాళ్ళ పాత చీరలు అడిగి తెచ్చుకోవాలంట, కొనకూడదంట, మొదలుపెట్టిన చెయ్యే ముగించాలంట, మధ్యలో చెయ్యి మారితే ఆయుస్సు తెగుతుందంట. కడుపుతో ఉన్నది మాత్రం దానిమీద సూది అసలే పెట్టకూడదంట. ఆవిడ కొత్తగా చెప్పిందేం కాదు, మా పేటలోనూ ఉన్నవే, మా అమ్మా అనేది, కాకపోతే చర్చివాళ్ళం కదా, పైకి అనం. పాస్టరు గారికి ఎవరు చేరేశారో గానీ ఆదివారం ప్రసంగంలో పేరెత్తకుండా నన్నే పట్టుకున్నారు, పాతగుడ్డల్లో లేదమ్మా ప్రాణం, ప్రార్థనలో ఉంది అని. ఆమేన్ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను. సోమవారం పొద్దున్నే చీరలడగడానికి బయల్దేరాను. నమ్ముతావా అంటే నమ్మను. మరెందుకంటే, నీ కూతురికి రెండుసార్లు కడుపుకోతయితే అప్పుడు నువ్వొచ్చి నాకు చెప్పు. మొదటి చీర పాస్టరమ్మగారే ఇచ్చింది, పెరటి గుమ్మంలోంచి, ఆయనకి తెలియనివ్వకు అంటూ. శ్యామలాంబ గారు బండారులంక నేతచీర ఇచ్చారు, నానిన అన్నమంత మెత్తగా ఉంది, కొంగుకి పసుపుకొమ్ము ముడేసి ఇచ్చారు, ఆ ముడి విప్పకుండానే లోపలి పొరలో పెట్టేశాను, ఏ దేవుడు ఎటునుంచి చూస్తాడో మనకేం తెలుసు.

మళ్ళీ వచ్చింది సిస్టరు, రెప్పలు విడదీసి ఇంకో చుక్క, మళ్ళీ మంట. నిద్రపోకండి మామ్మగారూ అంటుంది. నిద్రా నా మొహమా. మూసుకున్న కళ్ళ వెనక ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో కుట్టు టీచరు మాణిక్యాంబ గారి బెత్తం కనపడుతోంది, ఇన్నేళ్ళకి. వరస చివర వెనక్కో పోటు, ముడి లోపలికి, బయటికి కనపడిందా వేళ్ళ మీద దెబ్బ. రూబీది ఎడంచేతి వాటం, పాపం ఎన్ని తిన్నదో, రాత కుడిచేతికి మార్చుకుంది గానీ సూది మాత్రం ఎడంచేత్తోనే, దాని కుట్టు అటు వాలుతుంది, నాది ఇటు వాలుతుంది, కళ్ళు మూసి చేతిలో పెట్టినా ఇది నీది, ఇది నాది అని చెప్పేదాన్ని, పందెం కాసి దాని వంతు అరటిపండు లాక్కునేదాన్ని. ఆశాజ్యోతికి నేనే నేర్పాను, ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని వేళ్ళమీద నా వేళ్ళు పెట్టి, అందుకే దాని కుట్టు అచ్చం నాదే, పక్కపక్కన పెడితే నాకే తెలియదు. ఇప్పుడు దాన్ని సూది ముట్టుకోనివ్వను. రూబీ వచ్చి సూదుల్లో దారాలెక్కించి దిండుకి గుచ్చి పోతుంది, నేను ఒక్కో వరసా వేళ్ళతో తడుముకుంటూ కుడతాను. బెజ్జం కనపడదు, దారం రంగు కనపడదు, అయినా మర్నాడు తడిమి చూసుకుంటే నిన్నటి వరస ఎంత తిన్నగా, ఎంత దగ్గరగా, వెనక్కి పోటుతో సహా ఎంత ముచ్చటగా ఉంటుందో. చూపు పోతే పోయింది, చెయ్యి పోలేదు అనుకుంటాను. మొన్న క్రిస్మస్‌కి మా స్త్రీల సమాజం వాళ్ళందరికీ బైబిలు సంచులు కుట్టిచ్చినప్పుడూ అంతే, బైబిలూ పాటల పుస్తకమూ కళ్ళజోడూ పట్టేలా, ఎవరిది వాళ్ళింటి చీర ముక్కతోనే, అందరూ సంపూర్ణమ్మ చెయ్యి సంపూర్ణమ్మ చెయ్యే అన్నారు, పాస్టరమ్మగారు నా బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఎంత పొంగిపోయాననీ.

రూబీ లేచింది, చీటీ మీద ముద్ర వేయించుకుని టీ తెస్తాను, ఇది పట్టుకో, కళ్ళు తెరిచావంటే చంపుతాను అని తన సంచి నా ఒళ్ళో పడేసి పోయింది. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది, వాళ్ళమ్మ ఊరుకోబెడుతోంది, మైకులో పేర్లు పిలుస్తున్నారు, నాది కాదు, నాది కాదు. చేతులు ఊరుకోవు కదా. సంచి మూతి తడిమాను, రూబీ వాళ్ళమ్మ చీరంచు, నేనిచ్చిన సంచే, బైబిలు అంచు తగులుతోంది లోపల. పిడి మొదలు దగ్గర కుట్టు మీద వేలు పెట్టాను. అటు వాలింది. ఇదేంటి, తిరగేసి పట్టుకున్నానా అని తిప్పాను. అప్పుడూ అటే. పక్క కుట్టూ అటే, అడుగు కుట్టూ అటే, నా కుట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు ఆ సంచికి. గోరుతో గీరితే పాత సూది బెజ్జాలు తగిలాయి, కుట్టు పక్కనే, వంకరటింకరగా, ఒకటి ఇక్కడుంటే ఇంకొకటి ఎక్కడో, చీమలు చెదిరిపోయినట్టు. ఆ బెజ్జాలు నావి. వాటిని విప్పేసి ఎవరో మళ్ళీ కుట్టారు. ఎవరో ఏంటి, ఈ ఎడంచెయ్యి నాకు తెలియదా.

టీ వాసన ముందొచ్చింది, తర్వాత రూబీ వచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసింది, కాలుతుంది జాగ్రత్త అంది.

"రూబీ, ఈ కుట్టు నీది."

అది కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. కాసేపు టీ తాగింది, నేను వింటున్నాను, తాగుతున్న చప్పుడు. ఆ తర్వాత చెప్పింది, టీచరు కదా, మొదలుపెడితే చివరిదాకా చెప్తుంది. దాని సంచికి నేను మూతి కుట్టేశానంట. రెండు పొరలూ కలిపి కుట్టేశానంట, బైబిలు పెట్టబోతే లోపలికి పోలేదంట. పాస్టరమ్మగారి సంచికి పిడి ఒకవైపే ఉందంట, ఇంకొకరిది అడుగు తెరిచే ఉందంట. బొత్తాలు కుట్టిస్తానని చెప్పి ఇంటింటికీ తిరిగి అన్నీ పట్టుకెళ్ళిపోయి, తన ఇంటి వసారాలో కూర్చుని ఇదీ పాస్టరమ్మగారూ విప్పి కుట్టి ఎవరివి వాళ్ళకిచ్చేశారంట. అందరికీ తెలుసా అన్నాను. తెలుసు అంది. అంటే అందరూ నన్ను మెచ్చుకున్నది, ముద్దు పెట్టుకున్నది, అంతా తెలిసేనన్నమాట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది, ఆ టీ దాని మీద పొయ్యాలనిపించింది. ఒక్కరు, ఒక్క ఆడది, సంపూర్ణమ్మా నీకు కనపడ్డంలేదే అని నా మొహం మీద చెప్పి ఉంటే ఏం పోయేది. ఇంత మంచివాళ్ళెవరు అవ్వమన్నారు మిమ్మల్ని. జాలిపడ్డారు నా మీద, చీరలడుక్కోవడానికి గుమ్మంలోకొచ్చినదాన్ని చూసి, ఈ గుడ్డిది ఏం కుడుతుందిలే అనుకుంటూనే చీర తీసిచ్చారు.

బొంత. టీ వేళ్ళ మీద ఒలికింది, కాలింది, ఎవరికి కావాలి. చెయ్యి మారకూడదని దానికి తెలియదా, దానికి తెలుసు, ప్రతిసారీ నా పక్కనే కూర్చుని సూదుల్లో దారాలెక్కించిన మనిషి.

"బొంత మీద కూడా చెయ్యి వేశావా?"

"బొంత నేను ముట్టుకోలేదు సంపూర్ణా. దేవుడి తోడు."

రూబీ దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పదు. చిన్నప్పుడు బెత్తం దెబ్బలకి కూడా చెప్పలేదు. హమ్మయ్య అనుకున్నాను, నిజంగా గుండెల మీద చెయ్యి వేసుకుని అనుకున్నాను, అయితే బొంత నాదే, సంచులు పోతే పోనీ, సంచుల్లో ప్రాణాలేం లేవు, బొంత నా చేతిదే. ఆ అనుకోవడం పూర్తికాలేదు. క్రిస్మస్ అప్పటికే మూతి కుట్టేసిన చెయ్యి, ఇప్పుడు వానాకాలం, అప్పటికంటే ఇంకెంత మసక, ఇప్పుడు వరస తిన్నగా ఎలా వస్తుంది. ఆ ముచ్చటైన వరసలు ఎవరివి. వెనక్కి పోటు పెట్టి, ముడి లోపలికేసి, ఇటే వాలేలా కుట్టగలిగినవాళ్ళు ఈ భూమ్మీద ఎంతమంది ఉన్నారు. నేను రూబీ వైపు తిరిగాను, కళ్ళు మూసుకునే తిరిగాను. అది నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి వెయ్యడంలోనే నాకు అర్థమైపోయింది.

"చెప్పొద్దంది. వద్దే తల్లీ, నువ్వు పట్టుకోకూడదు, నేను కుడతానన్నా ఒప్పుకోలేదు. మీ కుట్టయితే అమ్మకి తెలిసిపోతుంది ఆంటీ అంది. నువ్వు కుడుతూ కుడుతూ సూదులు అందులోనే వదిలేస్తున్నావు సంపూర్ణా. పొరల మధ్య దొరికాయి దానికి. పిల్లకి గుచ్చుకోవూ?"

ఆశాజ్యోతీ. ఎంత పని చేశావే. బుధవారం ప్రార్థన మీటింగుకి వెళ్ళమ్మా, నాకేం ఫరవాలేదు, పడుకుంటాను అని చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టేది, మధ్యాహ్నం కునుకు తియ్యమ్మా అని దిండు సర్దేది, నా మీద ఇంత ప్రేమేంటి దీనికి అనుకున్నాను. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుంటే ఏమైందే అన్నాను, బెండకాయలు తరుగుతుంటే తెగిందంది, నమ్మాను. నడుం నొప్పంటే కాపడం పెట్టాను. అంత పొట్ట వేసుకుని, నేలమీద బొంత పరుచుకుని, దానిమీదకి వంగి, నేను కుట్టిన ఒక్కో వంకర పోగూ లాగేసి, మళ్ళీ అదే చోట, నేను నేర్పినట్టే, నేను గుర్తుపట్టకుండా. ఎవరి ఆయుస్సుకోసమైతే నేను గుమ్మం గుమ్మం తిరిగానో ఆ గుడ్డ మీద చెయ్యి మారింది, మారి మారి ఎవరి చేతికి వెళ్ళింది, పట్టుకోకూడని చేతికే వెళ్ళింది. పోయినవారం స్కానింగులో డాక్టరమ్మ ఏమంది, బిడ్డ కొంచెం చిన్నగా ఉంది, బరువు పెరగడంలేదు, చూద్దాం అంది. చూద్దాం అన్న మాట నాకు మంచిగా వినపడలేదు అప్పుడే. పాతగుడ్డల్లో ఏం లేదు సంపూర్ణమ్మా, ఏమీ లేదు, ప్రార్థన చెయ్యి. ప్రభువా, నీ దయ. నా దగ్గర ఇంకేం మాటలున్నాయి. రెండుసార్లూ ఇవే అన్నాను కదా, నువ్వూ రెండుసార్లూ విన్నావు కదా.

సంపూర్ణమ్మ గారూ అని మైకులో పిలిచారు. రూబీ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది, గడ్డం ఒక చల్లటి ఇనుప దాని మీద పెట్టమన్నారు, కళ్ళు తెరవమన్నారు. అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు, వెలుగు తప్ప ఇంకేం లేదు. డాక్టరు చిన్నవాడే, గొంతు మెత్తగా ఉంది. ఇటు చూడండమ్మా, అటు చూడండమ్మా, పైకి, కిందకి, ఆయ్, ఆయ్ అంటూ చూశాను. చాలాసేపు చూశాడు. ఇది శుక్లం కాదమ్మా అన్నాడు. నీటికాసులంట, కంటిలో ఒత్తిడి పెరిగి లోపల నరం ఎండిపోతుందంట, పక్కల నుంచి మొదలయ్యి మధ్యకి వస్తుందంట, కుడి కన్ను దాదాపు అయిపోయిందంట, ఎడమదాంట్లో మధ్యన కాస్త మిగిలిందంట. మరి ఆపరేషను చేసి అద్దం పెడతారు కదండీ అన్నాను. పోయిన చూపు ఇంక రాదమ్మా, ఉన్నదైనా కొన్నాళ్ళు నిలబడాలంటే చుక్కలు మానకుండా వేసుకోవాలి అన్నాడు. ముదరాలని ఆగానండీ అన్నాను. ఆయన చీటీ రాస్తున్న చప్పుడు. రూబీ వెనక నుంచి ముక్కు ఎగబీల్చింది, ఏడవకే దరిద్రపుదానా, ఇక్కడ ఏడవకు. నేను అడగాలని వచ్చిన మాట అడగలేదు. బొంత అయ్యేదాకా ఆగుతుందా అని అడగడానికి బొంత నాదైతే కదా.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాం, రూబీ ఆటో కోసం చూస్తోంది, ఎండ కళ్ళల్లో సూదుల్లా దిగుతోంది, కొంగు మొహం మీద కప్పుకున్నాను. రూబీ ఫోను మోగింది. ఎవరో నాకు చెప్పక్కర్లేదు. చెప్పొద్దంటావా, చెప్పమంటావా అని అది గుసగుసగా అడుగుతోంది, నేను ఫోను లాక్కున్నాను. ఏమన్నారమ్మా డాక్టరు అంది ఆశాజ్యోతి, ఆయాసంగా ఉంది దాని గొంతు, ఎక్కడినుంచో లేచి వచ్చినట్టుంది, ఎక్కడినుంచి లేచిందో నాకు తెలుసు, ఇవాళ ఇల్లంతా దానిదే కదా, పొద్దుటినుంచీ బొంత ముందే కూర్చుని ఉంటుంది. కళ్ళు పోతున్నాయని చెప్పానా, అయితే అమ్మ ఇంక ఎలాగూ కుట్టలేదని పట్టపగలే కుడుతుంది. బాగున్నాయని చెప్పానా, చాటుగా కుడుతుంది. తిడితే ఏడుస్తుంది, ఈ నెలల్లో అది ఏడవకూడదు. ఎటు లాగినా తెగేదే. చుక్కలిచ్చారమ్మా, వేసుకోమన్నారు అన్నాను. అంతేనా అంది. అంతే అన్నాను. ఆటోలు పోతున్నాయి.

"అమ్మలూ, బొంతకి ఇవాళ ముడేసేస్తాను. కుట్టినంతవరకు ఉంచి మిగతాది కత్తిరించేద్దాం. ఇంక దానిమీద ఎవరూ సూది పెట్టక్కర్లేదు."

ఎవరూ అన్న మాట దానికి చేరింది. చేరినట్టు ఆ ఊపిరి ఆగడంలోనే తెలిసింది. కాదనలేదు, నేను కాదమ్మా అని అబద్ధమూ ఆడలేదు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పటి గొంతుతో అడిగింది.

"సగం కూడా అవ్వలేదు కదమ్మా. పిల్ల పెరిగితే చాలదేమో?"

"చాలమ్మా. ఆ మాత్రం చాలు."

అనేశాక వినపడింది నేనేమన్నానో, పిల్ల పెరిగేది లేదన్నట్టు. మా రూబీకీ వినపడింది, నా భుజం మీద దాని చెయ్యి బిగుసుకుంది. వెనక్కి తీసుకోవడానికి ఇంకో మాట వెతుక్కున్నాను, పెద్దయ్యాక ఇంకోటి కుడదాంలే అనాలి, అంత చిన్న మాటే, ఏ తల్లయినా అనే మాటే, నోరు తెరిచాను, నాకు రాలేదు. అవతల ఆశాజ్యోతి ఫోను పెట్టెయ్యలేదు.